దాల్ సరస్సు పడవ ఇళ్ళు – అసలు రంగులో ఫొటో తీసుకుందాం రండి

కాశ్మీరు అనగానే మనందరి కళ్ళ ముందు మెదిలేది దాల్ సరస్సు. నీళ్ళ మీద వరుసగా పడవ ఇళ్ళు, వాటి మధ్య పసుపు పచ్చ పైకప్పులతో తిరిగే శికారాలు, వెనకాల కొండలు. పాత హిందీ సినిమాల్లో చూసి చూసి కంఠతా వచ్చేసిన దృశ్యమే అది. కానీ అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళ ఫొటోలు ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా? ఒకరి ఫొటోలో సరస్సు నెమలికంఠం రంగులో ఉంటుంది. ఇంకొకరి దాంట్లో బూడిద రంగు. మరొకరి దాంట్లో పడవలన్నీ నారింజ రంగు పూసినట్టు ఉంటాయి. చోటు ఒకటే, పడవలూ అవే. తేడా కొంత వాతావరణంలో ఉంది, ఎక్కువ భాగం కెమెరాలో మనం పెట్టిన రంగుల అమరికలో ఉంది.

2023 దసరా వెళ్ళాక, అక్టోబరు చివరి వారంలో మేము శ్రీనగర్ వెళ్ళి మూడు రాత్రులు ఒక హౌస్‌బోటులో ఉన్నాము. మా అబ్బాయి కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకు ఇచ్చాడు. ఆ మూడు రోజుల్లో పడవ ఇళ్ళ గురించీ, రంగుల గురించీ తెలుసుకున్నవి మీతో చెప్పాలనిపించింది. కెమెరా లేకపోయినా ఫరవాలేదు, ఇందులో చాలా సంగతులు సెల్‌ఫోనుకీ పనికొస్తాయి.

కదలని పడవలు, కాపురాలున్న ఇళ్ళు

మన దిండిలోనూ, కేరళలో అలెప్పీలోనూ హౌస్‌బోటు ఎక్కితే అది మనల్ని ఊరంతా తిప్పుతుంది. దాల్ సరస్సులోవి అలా కాదు. అవి ఒకచోట కట్టేసి ఉంటాయి. గట్టు నుంచి శికారాలో వెళ్ళి, నాలుగు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళినట్టే వెళ్ళాలి.

ఈ పడవ ఇళ్ళు ఎలా పుట్టాయో తెలుసా? డోగ్రా మహారాజుల కాలంలో బయటివాళ్ళు కాశ్మీరులో భూమి కొనుక్కోవడానికి వీల్లేదు. ఎండాకాలం చల్లదనం కోసం వచ్చే ఇంగ్లీషువాళ్ళు "భూమి మీద వద్దంటే నీళ్ళ మీద ఉంటాం" అన్నట్టుగా పడవల్లో ఇళ్ళు కట్టించుకున్నారు. 1880ల ప్రాంతంలో మొదలైన ఆ అలవాటే నేటి హౌస్‌బోటు. అంతకు ముందు నుంచీ హాంజీలనే పడవలవాళ్ళు డూంగాలనే సాదా పడవల్లో తరతరాలుగా కాపురాలు చేస్తూనే ఉన్నారు. ఇవాళ్టికీ హౌస్‌బోట్లు నడిపేది ఎక్కువగా వాళ్ళే.

బోటు దేవదారు కర్రతో కడతారు. కొత్తలో తేనె రంగులో ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి, నీళ్ళు తగిలే చోట బూడిద రంగుకి తిరుగుతుంది. ముందు చెక్కడపు పని చేసిన వరండా, తర్వాత హాలు, భోజనాల గది, ఆ వెనక వరుసగా పడకగదులు. రైలు పెట్టెలాగా పొడుగ్గా ఉంటుంది. హాల్లో అక్రోటు కర్ర సామాను, నేల మీద తివాచీ, కిటికీలకు ఊలు దారంతో పూలు కుట్టిన తెరలు. తల పైకెత్తితే ఖతంబంద్ అనే పైకప్పు. చిన్న చిన్న కర్ర ముక్కల్ని చుక్కల ముగ్గులాగా ఒకదానిలో ఒకటి ఇరికించి, మేకులు కొట్టకుండా కూరుస్తారు. దాని కింద ఎంతసేపు నిలబడినా తనివి తీరదు.

ఇదంతా అతిథులకు. ఇంటివాళ్ళు ఉండేది వెనకాల ఆనించి ఉన్న మరో సాదా పడవలో. వంటిల్లూ అక్కడే. అందుకే ఫొటో తీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనకు అది చూడదగ్గ చోటు, వాళ్ళకు అది ఇల్లు.

చీర రంగు గుట్టు

చీరల షాపులో దీపాల కింద చూసిన రంగు ఇంటికొచ్చాక వేరేలా కనబడటం మనకు కొత్త కాదు కదా! అందుకే తెలిసినవాళ్ళు చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూస్తారు. కెమెరాకూ ఇదే ఇబ్బంది. పాత బల్బు వెలుగు పచ్చగా, నీడలో వెలుగు నీలంగా, నడి మధ్యాహ్నపు ఎండ తెల్లగా ఉంటాయి. మన కళ్ళు వాటిని సర్దుకుంటాయి. బల్బు కింద కూడా తెల్ల పంచె మనకు తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకు ఆ తెలివి మనం ఇవ్వాలి. దాన్నే వైట్ బ్యాలన్స్ అంటారు. ఏ వెలుగులో ఉన్నామో చెబితే, ఆ వెలుగులో తెలుపుని తెలుపుగా చూపించి మిగతా రంగుల్ని దానికి తగ్గట్టు సర్దుతుందన్నమాట.

కెమెరాలో దీనికి చిన్న చిన్న బొమ్మలుంటాయి. సూర్యుడి బొమ్మ ఎండకు. మబ్బు బొమ్మ మబ్బు రోజుకు. ఇంటి పక్క నీడ బొమ్మ నీడకు. బల్బు బొమ్మ, ట్యూబు లైటు బొమ్మ ఇళ్ళల్లోకి. కొన్నిటిలో అంకెలు కూడా ఉంటాయి. పాత బల్బు వెలుగు 2,700 నుంచి 3,000 కెల్విన్లు, ఎండ సుమారు 5,500, మబ్బు 6,500, నీడ 7,500 దాకా. సెల్‌ఫోను కెమెరాలో 'ప్రో' అనే విభాగం ఉంటే అందులోనూ ఈ అంకెలు దొరుకుతాయి.

'ఆటో'లో వదిలేస్తే సరిపోదా అంటారా? చాలా చోట్ల సరిపోతుంది. కానీ పడవ ఇళ్ళ దగ్గర ఆటో తికమకపడుతుంది. ఫొటో నిండా గోధుమ రంగు కర్రే ఉంటే, వెలుగే పచ్చగా ఉందేమోననుకుని రంగు తగ్గించేస్తుంది. తేనె రంగు దేవదారు కాస్తా పాలిపోతుంది. పసుపు పచ్చ శికారా దగ్గరగా వచ్చినప్పుడూ అంతే. అదే పడవను కొంచెం జరిగి నీళ్ళతో కలిపి తీస్తే ఇంకో రంగు వస్తుంది. ఒకే పడవ నాలుగు ఫొటోల్లో నాలుగు రంగులైతే ఆల్బంలో ఏం బాగుంటుంది చెప్పండి?

తెల్లవారుజాము నుంచి దీపాల వేళ దాకా

తెల్లవారకముందే లేచి శికారాలో కూరగాయల సంతకు వెళ్ళండి. సరస్సు లోపలి కాలవల్లో, పడవల మీదే జరిగే సంత అది. తుంగ చాపల మీద నాచూ, మట్టీ పోసి చేసిన తేలే తోటల్లో పండిన ముల్లంగి, హాక్ అనే ఆకుకూర, సొరకాయలు, నద్రూ అనే తామర తూడు కట్టలు కట్టలుగా వస్తాయి. పడవకు పడవ ఆనించి తూకాలు వేసుకుంటారు. తెల్లారి కాస్త పొద్దెక్కేసరికి అంతా ఖాళీ!

ఆ వేళ వెలుగు నీలంగా ఉంటుంది. నేను రెండు రకాలుగా తీశాను. సూర్యుడి బొమ్మ పెడితే పొగమంచూ, నీళ్ళూ నీలంగానే ఉండి ఆ చలి ఫొటోలో కూడా తెలుస్తుంది. మబ్బు బొమ్మ పెడితే ఆకుకూరల పచ్చదనం, మనుషుల ముఖాలు కొంచెం వెచ్చబడతాయి. సరస్సు మొత్తం తీయాలంటే మొదటిది, కూరలమ్మే పెద్దాయన ముఖం తీయాలంటే రెండోది. దేనికది అందం.

జబర్వాన్ కొండల వెనక నుంచి సూర్యుడు పైకి రావడం కొంచెం ఆలస్యమే. వచ్చాక మాత్రం రంగులన్నీ ఒక్కసారి మేలుకుంటాయి. శికారాల తెరల కుచ్చులు, ఎర్రటి మెత్తలు, బోర్డుల మీద రాసిన పేర్లు, వరండాల్లో పూలకుండీలు, అక్టోబరు చివర కాబట్టి గట్టున ఎరుపెక్కుతున్న చినార్ చెట్లు. అన్నీ నీళ్ళలో తలకిందులుగా మళ్ళీ కనబడతాయి. ఇక్కడ సూర్యుడి బొమ్మ పెట్టి వదిలేయండి, చాలు.

ఇంకో సంగతి. కెమెరాలో వైట్ బ్యాలన్స్ కాక పిక్చర్ స్టైల్ అని వేరే ఉంటుంది. అందులో స్టాండర్డ్, న్యూట్రల్, వివిడ్ వంటివి ఉంటాయి. వివిడ్ అంటే కూరలో కారం ఇంకో రెండు చెంచాలు వేసినట్టు. పాలిపోయిన మబ్బు రోజున బాగానే ఉంటుంది. ఎండలో ఎర్ర మెత్త మీద వివిడ్ పెట్టి చూడండి, మెత్త మీద కుట్టుపని మాయమై ఎర్ర ముద్ద మిగులుతుంది. చినార్ ఆకులూ అంతే. ఇలాంటి చోట స్టాండర్డ్ చాలు. ముదురు కర్ర ఫొటో నిండా ఉన్నప్పుడు వెలుగు అమరికను కూడా ఒక మెట్టు తగ్గించండి. చీకటి ఎక్కువ ఉందనుకుని కెమెరా తనంత తానే వెలుగు పెంచి, నల్లబడిన దేవదారుని లేత రంగు చేసేస్తుంది.

సాయంత్రం సూర్యుడు దిగే వేళ ఆటో పెట్టకండి. ఆ బంగారు రంగును పొరపాటనుకుని సర్దేస్తుంది. సూర్యుడి బొమ్మే ఉంచితే హరి పర్బత్ కోట వైపు ఆకాశం, దాని కింద నీళ్ళు ఉన్న రంగులో ఉన్నట్టు వస్తాయి.

అసలు పరీక్ష బోటు లోపల. కిటికీ నుంచి నీలపు వెలుగు, పైన దీపం నుంచి పచ్చ వెలుగు. రెంటినీ ఒకేసారి మెప్పించడం ఏ అమరిక వల్లా కాదు. పగలైతే దీపం ఆర్పేసి కిటికీ వెలుగులో తీయండి. రాత్రయితే తెరలు వేసి, దీపం కింద ఒక తెల్ల కాగితం పెట్టి, దాన్ని ఫొటో తీసి 'కస్టమ్' అనే చోట అదే తెలుపు అని కెమెరాకు చెప్పండి. జేబురుమాలు పనికిరాదు, మనం ఉతికేటప్పుడు నీలం పెడతాం కదా, అది నిజమైన తెలుపు కాదు.

కాగితం పెట్టక ముందు, పెట్టిన తర్వాత తేడా తెలియాలంటే నూన్ చాయ్ ఫొటో తీయండి. అక్కడి ఉప్పు టీ అది. పచ్చి టీ ఆకుని వంట సోడా వేసి చాలాసేపు మరిగించి పాలు కలిపితే లేత గులాబీ రంగు వస్తుంది. దీపం కింద ఆటోలో తీస్తే అది మన మామూలు టీ లాగే ఉంది. కాగితం చూపించి తీస్తే కప్పులో గులాబీ రంగు విచ్చుకుంది!

"మా బోటు రంగు ఇదీ"

రెండో రోజు మధ్యాహ్నం మా బోటు ముందు వరండాను ఒకే చోట నిలబడి నాలుగు అమరికల్లో తీశాను. ఆ ఇంటావిడ నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. "ఏం చేస్తున్నారు బెహన్‌జీ?" అంటూ వచ్చి పక్కన కూర్చుంది. కెమెరా తెర మీద నాలుగూ చూపించాను. వివిడ్ ఫొటో చూసి నవ్వేసింది. "ఇది మా బోటు కాదు, కొత్త పెళ్ళికూతురు" అంది. ఆటోలో తీసింది చూసి, "ఇదేమిటి, జ్వరం వచ్చి లేచినట్టుంది!" అంది. సూర్యుడి బొమ్మ, స్టాండర్డ్ పెట్టి తీసినదాన్ని మాత్రం చాలాసేపు చూసింది. "మా మామగారు కట్టించిన బోటు రంగు ఇదీ" అంది.

తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక, రంగుల విషయం సరదా వ్యవహారం కాదని నాకు అర్థమైంది. ధగధగలాడే ఫొటోలు చూసి గది తీసుకున్నవాళ్ళు, వచ్చాక "ఇంత పాత బోటా?" అని ముఖం చిట్లిస్తారట. అద్దె తగ్గించమంటారట. కొందరు వెనక్కి వెళ్ళిపోతారట. "ఆ ఫొటో మేము తీసింది కాదు. ఎవరో వచ్చి తీసి, రంగులు పెంచి, ఊరంతా పంచారు. మాట పడేది మేము" అంది. మబ్బు రోజున నల్లగా, దిగులుగా వచ్చిన ఫొటోల వల్ల కూడా నష్టమే. పాడుబడిన బోటు అనుకుంటారు.

చూశారా, మనం వేడుకగా తీసి పదిమందికి పంపే ఫొటో వెనక ఒక ఇంటి జీవనం ఉంది. రంగు ఎక్కువైనా, తక్కువైనా నష్టం మనకు కాదు, వాళ్ళకు.

ఆ ఇళ్ళ కష్టం

ఇప్పుడు అక్కడ హౌస్‌బోట్లు వెయ్యి లోపే ఉన్నాయి. కొత్తవి కట్టడానికి అనుమతి లేదు. సరస్సు పాడవుతోందన్న ఫిర్యాదుల మీద 2009లో హైకోర్టు ఆంక్షలు పెట్టాక, పాత వాటిని బాగు చేసుకోవడమూ కష్టమైంది. 2021లో వచ్చిన కొత్త విధానంతో మరమ్మతులకు కొంత దారి దొరికింది. సరస్సు శుభ్రంగా ఉండాలన్నది న్యాయమే, ఆ నీళ్ళే వాళ్ళకూ ఆధారం. కానీ దేవదారు కర్ర చాలా ఖరీదు. అడుగు చెక్క పాడైతే మార్చాలి, లేకపోతే బోటు మునుగుతుంది.

2014 సెప్టెంబరు వరదల్లో శ్రీనగర్ మునిగినప్పుడు శికారాల వాళ్ళు తమ పడవల్లో ఎంతోమందిని గట్టుకు చేర్చారు. ఆ వరదల్లో తామర తూడు పంట కూడా పోయి, కొన్నేళ్ళ దాకా కోలుకోలేదు. మేము తిరిగి వచ్చిన రెండు వారాలకు, 2023 నవంబరు 11న తెల్లవారుజామున, దాల్ సరస్సులో మంటలు లేచి కొన్ని హౌస్‌బోట్లు కాలిపోయాయి. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముగ్గురు యాత్రికులు చనిపోయారు. మేమున్న బోటుకు ఏమీ కాలేదు. కానీ వార్త చదివి, తీసిన ఫొటోలన్నీ మళ్ళీ ఒకసారి ముందేసుకున్నాను. కర్రతో కట్టిన ఇల్లు ఒక్క రాత్రిలో పోతుంది. దాని అసలు రంగు ఏదో చెప్పడానికి ఇక ఫొటోలే మిగులుతాయి.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు చంపేసిన తర్వాత యాత్రికులు తిరుగుముఖం పట్టారు. ముందుగా తీసుకున్న గదులు రద్దయి, నిండుగా ఉండాల్సిన రోజుల్లో బోట్లు ఖాళీగా నిలబడ్డాయి. మేము ఉన్న బోటు ఇంటావిడకు వరండా ఫొటో పెద్దది చేయించి పోస్టులో పంపాను. హాల్లో తగిలించామని వాళ్ళ అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. వచ్చేవాళ్ళకు అదే చూపిస్తున్నారట, "ఉన్నది ఇదే, చూసుకుని రండి" అని.

ఫొటో తీసే ముందు ఒక మాట

వెనక పడవ వైపు, వంటిల్లు వైపు కెమెరా తిప్పే ముందు తప్పకుండా అడగండి. మన పెరట్లో బట్టలు ఆరేసుకుంటుంటే ఎవరో వచ్చి ఫొటో తీస్తే మనకెలా ఉంటుంది? ఆడవాళ్ళను, పిల్లలను అడిగాకే తీయండి. ఆడవాళ్ళం కాబట్టి మనకు తొందరగా సరేనంటారు. కొందరు వద్దంటారు, నవ్వేసి కెమెరా దించేయండి. నేను అడిగినప్పుడు మా ఇంటావిడ తన ముఖం వద్దంది, చేతులు తీసుకోమంది. తామర తూడు తరిగే ఆ చేతుల ఫొటో అన్నిటికంటే బాగా వచ్చింది.

మీరు వెళ్ళేటట్టయితే

* ప్రయాణం: ఢిల్లీ నుంచి విమానాలున్నాయి. 2025 జూన్‌లో కట్రా – శ్రీనగర్ వందే భారత్ రైలు మొదలైంది కాబట్టి, వైష్ణోదేవి దర్శనం చేసుకుని రైల్లోనే వెళ్ళవచ్చు. బయల్దేరే ముందు అక్కడి పరిస్థితి కనుక్కోండి.

* కాలం: చినార్ ఎరుపు కావాలంటే అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారాల దాకా. రాత్రి చలి ఎక్కువ, స్వెట్టర్లు, సాక్సులు మరచిపోకండి.

* బోటు: ఫొటో ఒక్కటి చూసి డబ్బు కట్టేయకండి. ఒక రాత్రికి మాట్లాడుకుని, చూసి నచ్చాక మిగతా రోజులు ఉండండి. శికారా ధర ఎక్కకముందే మాట్లాడుకోవాలి.

* భోజనం: శాకాహారులు ముందే చెబితే హాక్, రాజ్‌మా, పెరుగులో వండిన నద్రూ చేసిపెడతారు. తామర తూడుని పొడుగ్గా తరిగి బియ్యప్పిండిలో ముంచి వేయించిన పకోడీలు వదలకండి.

* కెమెరా: చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకొకటి లోపలి జేబులో వెచ్చగా ఉంచండి. పర్సులో ఒక తెల్ల కాగితం పెట్టుకోండి. బయట సూర్యుడి బొమ్మ, లోపల కాగితం, రంగుల స్టైలు స్టాండర్డ్. ఈ మూడూ గుర్తుంటే చాలు.

* సెల్‌ఫోను: రంగులు తనంత తానే పెంచే అమరికలు, ముఖానికి మెరుగు పెట్టేవి తీసేయండి.

* తిరిగొచ్చాక: ఫొటో ఎవరికైనా పంపే ముందు, అది ఆ ఇంటివాళ్ళకు చూపిస్తే "అవును, ఇది మాదే" అంటారా అని ఒక్కసారి ఆలోచించండి. అంటారనిపిస్తే నిశ్చింతగా పంపండి. చూసి మరో నాలుగు కుటుంబాలు ఆ బోట్లకు వెళ్తే అంతకంటే ఏం కావాలి!